ఎందుకూ పనికిరాని ఇంజన్ గురించి

– ఒక పూర్వ విద్యార్థి (1989–94)



నిరుడు వార్షికోత్సవం నాడు భోజనాలయ్యాక మన పూర్వ విద్యార్థుల సమావేశం జరిగింది. సంఘం దగ్గర జమైన డబ్బుతో హాస్టల్‌కు ఏం చేద్దామన్నది చర్చ. గేటుకు ఆర్చి కట్టిద్దామని కొందరు, డైనింగ్ హాల్లో పెద్ద టీవీ పెడదామని కొందరు అన్నారు. నేను సంచిలోంచి అరచేతిలో పట్టేంత ఇత్తడి ఇంజన్ ఒకటి తీసి బల్ల మీద పెట్టి, ఇలాంటివి చేసుకోవడానికి పిల్లలకు ఒక చిన్న లేతు కొందాం అన్నాను. చాలామంది నవ్వారు. ఒక్కరు మాత్రం నవ్వలేదు, కోప్పడ్డారు. ఆ కోపానికి అక్కడ జవాబు చెప్పలేకపోయాను. మైకు ముందు నాకు మాట రాదు. హాస్టల్లో ఉన్నప్పుడు ఆగస్టు 15 నాడు కూడా నాది వెనక వరసే. అందుకే సంపాదకవర్గం వాళ్లు "అన్నా, రాసివ్వు" అనగానే ఒప్పుకున్నాను.

ముందు ఆ ఇంజన్ సంగతి చెప్పాలి. అది తెలియకుండా తగవు అర్థం కాదు.

ఇక్కడ పదో తరగతి పాసై ఐటీఐలో టర్నర్ ట్రేడు రెండేళ్లు చేశాను. అప్పటినుంచి బాలానగర్‌లో లేతు మీదే బతుకు. పాతికేళ్లు దాటింది. రోజూ చేసేది ఎవరో గీసిన డ్రాయింగు ప్రకారం ఒకే ముక్క వందసార్లు. అది ఏ మిషన్‌లో ఏ మూలకు పోతుందో మాకు చెప్పేవాళ్లుండరు. కొన్నేళ్ల కింద ఒకాయన దగ్గర చేతులు మారిన చిన్న లేతు దొరికితే కొన్నాను. మెట్ల కింద పట్టింది. 180 మి.మీ. స్వింగు, సెంటర్ల మధ్య 350 మి.మీ., ఇంటి కరెంటుతోనే తిరుగుతుంది. మా షాపులో ఉన్న లేతు పక్కన పెడితే ఏనుగు పక్కన మేకపిల్ల. మా ఇంటావిడ "ఇంటికాడ గూడ అదే పనా" అని రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ లేతు మీద చేసిందే ఈ ఆవిరి ఇంజన్. ఇందులో విడిగా వాల్వులు ఉండవు. సిలిండరే ఒక ఇరుసు మీద ఊయలలా ఊగుతుంది. సిలిండర్‌కు ఒక పక్క చదునైన ముఖం, ఆ ముఖంలో ఒకటే రంధ్రం. దాన్ని ఆనుకుని ఉండే పలకలో రెండు రంధ్రాలు, ఒకటి ఆవిరి వచ్చేది, ఒకటి పోయేది. సిలిండర్ ఇటు ఒరిగితే ఆవిరి లోపలికి వచ్చి పిస్టన్‌ను నెడుతుంది. అటు ఒరిగితే పనైపోయిన ఆవిరి బయటికి పోతుంది. సరిగ్గా నడుమ ఉన్నప్పుడు రెండు దారులూ మూసుకుని ఉండాలి. ఆ క్షణాన్ని ఇంజన్ ఫ్లైవీల్ ఊపుతోనే దాటాలి.

మరి రంధ్రాలు ఎక్కడ వేయాలి? తొమ్మిది, పది తరగతుల తమ్ముళ్లు ఇక్కడ కొంచెం ఆగి చదవండి. క్రాంకు వ్యాసార్ధం 8 మి.మీ. ఊగే ఇరుసు నుంచి క్రాంకు కేంద్రానికి 40 మి.మీ. ఎదుటి భుజం 8, కర్ణం 40. సైన్ విలువ 0.2. ఇరుసు నుంచి సిలిండర్ రంధ్రం 14 మి.మీ. దూరంలో ఉంది కాబట్టి అది ఒక్కో పక్కకు 14 × 0.2, అంటే 2.8 మి.మీ. జరుగుతుంది. పలకలో రెండు రంధ్రాలు నడిమి గీతకు చెరో పక్క 2.8 మి.మీ. దూరంలో పడాలి. రంధ్రం వ్యాసం కూడా 2.8 దాటకూడదు. దాటిందంటే నడుమకు వచ్చినప్పుడు రెండు దారులూ కలిసిపోయి, ఆవిరి పని చేయకుండానే వెళ్లిపోతుంది. నేను 2.5 మి.మీ. డ్రిల్లు వాడాను. సైన్ తీటా, కాస్ తీటా నేను ఈ హాస్టల్ వరండాలో స్తంభానికి ఆనుకుని బట్టీపట్టినవే. వాటితో పని పడింది మాత్రం నలభై దాటాక, మెట్ల కింద.

రాణిగంజ్‌లో ఇత్తడి కడ్డీ తూకానికి కొన్నాను. చదరపు ముక్కను నాలుగు దవడల చక్కులో పట్టించి, డయల్ పెట్టి నడిమికి తెచ్చి, 9.8 డ్రిల్లు వేసి, 10 మి.మీ. రీమరు తిప్పాను. పిస్టన్‌కు స్టెయిన్‌లెస్ స్టీలు. పిస్టన్‌కూ సిలిండర్‌కూ మధ్య 0.02 మి.మీ. సందు ఉంచాను. తలవెంట్రుక మందంలో మూడో వంతు కూడా కాదు. వదులైతే ఆవిరి జారిపోతుంది, బిగుతైతే పట్టేస్తుంది. అది కుదిరిందో లేదో తెలుసుకోవడానికి మైక్రోమీటర్ కంటే మంచి పద్ధతి ఒకటుంది. నూనె చుక్క వేసి, రంధ్రం మీద బొటనవేలు గట్టిగా నొక్కి, పిస్టన్‌ను వెనక్కి లాగి వదలాలి. టప్పుమని లోపలికి దూకితే కుదిరినట్టు. నాది దూకింది. ఆ రాత్రి ఇంట్లో అందరినీ పిలిచి పదిసార్లు చూపించి ఉంటాను.

అయినా ఇంజన్ తిరగలేదు. సైకిల్ పంపుతో పాత స్కూటర్ ట్యూబులో గాలి నింపి గొట్టం తగిలిస్తే బుస్సుమనడమే గాని కదలిక లేదు. స్ప్రింగు మార్చాను. పలకను అద్దం మీద సన్నటి ఎమరీ పేపర్ పరిచి రుద్దాను. ఫ్లైవీల్ పెద్దది చేశాను. మూడు నెలలు గడిచాయి. రోజూ పన్నెండు గంటలు లేతు దగ్గర నిలబడే మనిషిని, అగ్గిపెట్టెంత ఇంజన్ తిప్పలేకపోయాను. చెప్పుకోవడానికి సిగ్గేసింది.

అప్పుడు మా నాయిన మా ఇంట్లోనే ఉన్నాడు. ఆయన ఊళ్లో చెప్పులు కుట్టినవాడు. మంచంలో కూర్చుని మూడు నెలలుగా నా అవస్థ చూస్తూ ఉన్నాడు. ఒకరోజు, "పంచరు సూసినట్టు సూడరాదుర" అన్నాడు. సబ్బు నురగ తెచ్చి సిలిండర్, పలక కలిసే చోట రాసి గాలి వదిలాను. పైఅంచు పొడుగునా బుడగలు. తర్వాత మా పాప స్టాంపు ప్యాడ్ సిరా పలకకు పూసి సిలిండర్‌ను అదిమి చూస్తే సిరా కింది సగానికే అంటింది. ఇరుసు రంధ్రాన్ని తొందరపడి చేతి డ్రిల్లుతో వేశాను. అది నిలువుగా పడలేదు, కొంచెం ఒరిగింది. ముఖం మొత్తం పలకకు ఆనడం లేదు. మళ్లీ సిలిండర్ మొదటినుంచి చేశాను. ఈసారి ముక్కను చక్కులో పట్టి ఆ ముఖాన్ని టర్నింగ్ చేసి, ముక్కను తీయకుండానే టెయిల్‌స్టాక్ నుంచి డ్రిల్లు వేశాను. ముఖానికి రంధ్రం నిలువుగా పడక తప్పదు.

తిరిగింది. ఫ్లైవీల్ మీద మా పాప పెట్టిన గోళ్లరంగు చుక్క గుండ్రటి గీతలా కనిపించేంత వేగంగా తిరిగింది. నాయిన దగ్గరికి తీసుకుపోయి చూపించాను.

"ఇది దేనికి పనికొస్తది?" అన్నాడు.

"దేనికీ పనికిరాదు నాయినా."

"చెప్పు కుడితె కాల్లకన్న ఏసుకుంటరు" అని నవ్వాడు. కానీ మర్నాడు పొద్దున నేను డ్యూటీకి పోయేలోపు రెండుసార్లు తిప్పించుకుని చూశాడు.

ఇక అసలు తగవు. సమావేశంలో కోప్పడ్డ మిత్రుడు నాకంటే రెండేళ్లు చిన్న. ఒకే గదిలో ట్రంకు పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని పెరిగాం. ఇప్పుడు మంచి ఉద్యోగంలో ఉన్నాడు, ఆయన్ను చూసి అందరం గర్వపడతాం. ఆయన అన్న మాట ఇది. "అన్నా, మన నాయినలు ఆరె, రంపె, పలుగు, పార వదిలించుకోమని మనల్ని ఈడికి తోలిండ్రు. నువ్వు మళ్ల పోరగాండ్ల చేతుల్ల పనిముట్టు పెడ్తనంటవు. పెద్ద బళ్ల పోరలకు కంప్యూటర్లు, మనోల్లకు లేతా?"

ఈ మాట తేలిగ్గా తీసిపారేసేది కాదు. మా నాయిన కూడా అదే చేశాడు. చిన్నప్పుడు ఆరె ముట్టుకుంటే వేళ్ల మీద కొట్టేవాడు. నా చేతికి ఆ పని అంటితే నా బతుకు కూడా ఊరి చివరే ఆగిపోతుందని ఆయన భయం. ఆ భయం నిజమైనదే. కులం పనిని పంచడంతో ఆగలేదని, పనిచేసే మనుషులనే మెట్లుమెట్లుగా విడగొట్టిందని అంబేద్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో వివరించారు. ఆ మెట్ల కింద నిలబడ్డవాడికే దాని బరువు తెలుస్తుంది.

కానీ నా మిత్రుడు ఒక సంగతి చూడలేదనుకుంటాను. మా నాయినకు వచ్చిన పనిలో ఆయనకు లేనిది నైపుణ్యం కాదు. తోలును వేళ్ల మధ్య పట్టుకుని ఎక్కడ పలచబడిందో కళ్లు మూసుకుని చెప్పేవాడు. ఆయనకు లేనిది ఆ పని చేయాలా వద్దా అనే ఇష్టం. దానికి ధర కట్టే హక్కు. ఇలా కాక ఇంకోలా చేస్తే ఏమవుతుందని ఒక పూట చెడగొట్టి చూసే తీరిక. చెప్పు చెడితే తోలు నష్టం, తిట్లు అదనం. నేను మూడు నెలలు ఇత్తడి చెడగొట్టుకున్నాను, ఎవరూ తిట్టలేదు. పిల్లలకు నేను ఇద్దామంటున్నది ఆ మూడు నెలలు. లేతు దానికొక సాకు.

హాబీ అనే మాటకు మన ఇళ్లలో చోటు లేదు. పని ఉంటుంది, లేకపోతే పని దొరకని ఖాళీ ఉంటుంది. ఎందుకూ పనికిరానిదాన్ని శ్రద్ధగా చేయడమనేది కడుపు నిండినవాళ్ల సంగతి అనుకుంటాం. ఇంగ్లండ్‌లో ఇలాంటి చిన్న ఇంజన్లు చేసుకునేవాళ్ల కోసం 'మోడల్ ఇంజనీర్' అనే పత్రిక 1898లోనే మొదలైంది. జీతం తెచ్చిపెట్టే పని అయ్యాక, దానితో సంబంధం లేకుండా తన కోసం తాను ఒక ఇంజన్ చేసుకునే మనుషులు అక్కడ అన్నేళ్లుగా ఉన్నారు. మన పిల్లవాడికి అది ఎందుకు ఉండకూడదు?

'బొమ్మలు చేస్తూ కూర్చుంటే మార్కులు వస్తాయా' అన్నవాళ్లూ ఉన్నారు. వాళ్లకు జేమ్స్ వాట్ సంగతి గుర్తుచేస్తాను. ఆయన గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ కాదు, పరికరాలు చేసి బాగుచేసే పనివాడు. 1763–64 చలికాలంలో అక్కడ పాఠం చెప్పడానికి వాడే న్యూకొమెన్ ఇంజన్ నమూనాను బాగుచేయమని ఆయనకు ఇచ్చారు. బాగుచేసినా అది కాసేపు ఆడి ఆగిపోయేది. పెద్ద ఇంజన్ గనుల్లో రోజంతా ఆడుతుంటే దాని బొమ్మ ఎందుకు ఆడదు? కొలతలన్నీ సగం చేస్తే ఘనపరిమాణం ఎనిమిదో వంతు అవుతుంది, ఉపరితలం నాలుగో వంతే అవుతుంది. అంటే వస్తువు చిన్నదయ్యేకొద్దీ లోపలున్న ఆవిరికి చల్లటి గోడ ఎక్కువ తగులుతుంది. సిలిండర్‌ను ప్రతిసారీ చల్లార్చి మళ్లీ వేడిచేయడానికే ఆవిరి చాలామటుకు ఖర్చవుతోందని ఆ బొమ్మ దగ్గరే ఆయనకు తెలిసింది. 1765లో ఆవిరిని వేరే పాత్రలో చల్లార్చే ఆలోచన వచ్చింది, 1769లో పేటెంటు తీసుకున్నాడు. నా ఇంజన్‌కు మొదటిసారి ఆవిరి ఇచ్చినప్పుడు అది తిరగకుండా నీళ్లు కక్కింది. సిలిండర్ వేడెక్కేదాకా కక్కుతూనే ఉంది. వాట్ చూసింది ఇదే గదా అనుకున్నాను.

పేటెంటు వచ్చినా పెద్ద సిలిండర్ లోపలంతా ఒకే గుండ్రంగా కోయగలిగినవాళ్లు చాలాకాలం దొరకలేదు. 1775 ప్రాంతంలో జాన్ విల్కిన్సన్ అనే ఇనుప కార్ఖానా యజమాని ఫిరంగి గొట్టాలు తొలిచేందుకు చేసిన పద్ధతిని మార్చి సిలిండర్లు బోరింగ్ చేశాక గాని ఇంజన్ నిలబడలేదు. 50 అంగుళాల సిలిండర్‌లో తేడా ఒక పాత షిల్లింగు నాణెం మందం లోపే ఉందని అప్పట్లో ఘనంగా చెప్పుకున్నారు. వాట్ పేరు నేను ఈ హాస్టల్లో ఉన్నప్పుడే చదివాను. విల్కిన్సన్ పేరు లేతు పట్టాకే విన్నాను.

జార్జ్ స్టీఫెన్‌సన్ సంగతి ఇంకా దగ్గరిది. తండ్రి బొగ్గుగని ఇంజన్ దగ్గర బొగ్గు వేసేవాడు. స్టీఫెన్‌సన్‌కు 18 ఏళ్లు వచ్చేదాకా చదవడం, రాయడం రాదు. కూలి డబ్బుతో రాత్రిబడికి పోయి నేర్చుకున్నాడు. చిన్నప్పుడు బంకమట్టితో ఇంజన్ బొమ్మలు చేసేవాడని ఆయన జీవితచరిత్రలో ఉంది. తర్వాత కొడుకు రాబర్ట్‌ను మంచి బడికి పంపి, వాడు చదివొచ్చిన పాఠం తాను కూడా పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. కొడుకు చేతికి పుస్తకం ఇచ్చాడు గాని పనిముట్టు లాక్కోలేదు. 1829లో 'రాకెట్' ఇంజన్ తయారైంది ఆ తండ్రీకొడుకుల దగ్గరే.

'ఆవిరి కాలం ఎప్పుడో పోయింది కదా' అనేవాళ్లకు ఒక్క మాట. పట్టాల మీద పోయింది. రామగుండంలోనైనా కొత్తగూడెంలోనైనా బొగ్గుతో కరెంటు పుట్టేది నీళ్లు మరిగి, ఆవిరి టర్బైన్‌ను తిప్పితేనే.

అయితే హాస్టల్లో ఆవిరి వద్దు. ఇది ఖచ్చితంగా చెబుతున్నాను. లీటరు నీళ్లు మామూలు పీడనంలో ఆవిరైతే 1,600 లీటర్లకు పైగా చోటు కావాలి. దాన్ని ఒక డబ్బాలో బంధిస్తే ఏమవుతుందో మన వంటమనిషిని అడిగినా చెబుతాడు. మా అబ్బాయి కుక్కర్ విజిల్ తీసేసి అక్కడ గొట్టం పెడదామన్నాడు. చెవి మెలేసినంత పనిచేశాను. ఆ విజిలే కుక్కర్ ప్రాణం. నా బాయిలర్‌ను రాగి గొట్టంతో చేసి, మా షాపులో అనుభవమున్న పెద్దమనిషితో వెండి టంకం పెట్టించి, సేఫ్టీ వాల్వు బిగించి, వాడే పీడనానికి రెండింతల దాకా చల్లటి నీళ్లతో పరీక్షించాకే నిప్పు పెట్టాను. నీళ్లతోనే ఎందుకంటే, ఎక్కడన్నా పగిలినా నీరు కారుతుంది గాని పేలదు. పిల్లల ఇంజన్లకు సైకిల్ పంపు గాలి చాలు. బాగా కుదిరిన ఇంజన్ నోటితో ఊదినా తిరుగుతుంది.

లేతు కూడా బొమ్మ కాదు. తొమ్మిది, పది తరగతుల వాళ్లకే, పక్కన తెలిసిన మనిషి ఉన్నప్పుడే. చక్కులో తాళంచెవి వదిలి స్విచ్ వేస్తే అది ఎగిరొచ్చి ముఖం మీద తగులుతుంది. లుంగీ, తువ్వాలు, పొడుగు చేతుల చొక్కా, మణికట్టుకు దారాలు ఉండకూడదు. చేతికి గ్లౌజులు కూడా వద్దు, అవే లాగేస్తాయి. కళ్లద్దాలు ఉండాలి. స్టోర్ రూమ్ పక్క గదికి తాళం వేసి, తాళంచెవి వార్డెన్ గారి దగ్గర ఉంచాలి. వార్డెన్ గారూ, పై అధికారులూ రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే ఇది మొదలుపెట్టాలి. నెలకు రెండు ఆదివారాలు నేను వస్తాను. బస్సు ఖర్చులు సంఘానికి రాయను.

నా మిత్రుడి భయంలో ఒక భాగాన్ని నేను ఒప్పుకుంటున్నాను. ఇవాళ లేతు పెడితే రేపెవరో వచ్చి 'వీళ్లకు చేతిపని వచ్చింది కదా, ఎంపీసీ ఎందుకు, ఐటీఐలో వేయండి' అనొచ్చు. అలా అనేవాళ్లు ఉంటారు. అందుకని నా షరతు ముందే రాస్తున్నాను. దీనికి సర్టిఫికెట్ ఉండకూడదు, ట్రేడు పేరు ఉండకూడదు, చేసిన వస్తువు అమ్మకూడదు. ఉపాధి శిక్షణ అని బోర్డు పెట్టిన రోజు ఆ లేతును నేనే మోసుకుపోతాను. డాక్టర్ కావాలనుకునేవాడూ, కలెక్టర్ కావాలనుకునేవాడూ వచ్చి ఒక ఇంజన్ చేసుకుని పోవాలి. మా షాపుకు ట్రైనింగ్‌కు వచ్చే బీటెక్ పిల్లల్లో మనవాళ్లు కూడా ఉంటారు. సూత్రాలు నాకంటే బాగా తెలుసు. చక్కు తిరుగుతుంటే రెండడుగులు వెనక్కి వేస్తారు. ల్యాబ్‌లో ముప్పై మందికి ఒక లేతు, చేసేది ఒకడు, మిగతావాళ్లు రికార్డులో బొమ్మ వేస్తారట. ఆ రెండడుగుల భయం పదిహేనేళ్లప్పుడే పోవాలని నా ఆశ.

డబ్బు విషయం. కొత్త చిన్న లేతు ఖరీదు మన సంఘం నిధిలో పెద్ద భాగమే తింటుంది. అందుకే కొనవద్దు, నా లేతే ఇస్తాను. సంఘం ఒక గట్టి బల్ల, ఎర్తింగ్ సరిగా ఉన్న కరెంటు పాయింటు, డ్రిల్లులు, రీమరు, ఒక వెర్నియర్, కళ్లద్దాలు, కొంత ఇత్తడి కొనిస్తే చాలు. మిగిలిన దానితో ఆర్చి కట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

ఈసారి సమావేశంలో చేతులెత్తి తేల్చుకుందామని అధ్యక్షులు అన్నారు. ఇంజన్ మళ్లీ తెస్తాను, ఎవరైనా తిప్పి చూడవచ్చు. నా మిత్రుడు కూడా రావాలి, ముందు వరసలోనే కూర్చోవాలి. దగ్గర్లో ఉండేవాళ్లు ఎవరైనా ఒక సైకిల్ పంపు తీసుకురండి. నా పంపులో ఉన్న తోలు వాషరు నాయిన కోసిచ్చింది. ఆయన పోయాక అది ఎండి బిరుసెక్కింది. కొత్తది కోయడం నాకు రాదు.